ఎడమ పక్క లోపలి టైరు

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఈ కథలో బ్లెస్సీ అని రాసిన పిల్లను నేనే. "నేను" అని మొదలుపెట్టి చాలాసార్లు చెరిపేశాను. "బ్లెస్సీ" అని రాస్తే వేళ్ళు కదిలాయి. కాబట్టి నాకు బాగా తెలిసిన ఇంకో పిల్ల గురించి చదువుతున్నారనుకోండి.

ములకలపల్లిలో వాళ్ళ ఇంటి దగ్గర సిగ్నల్ సరిగ్గా దొరికే చోటు ఒకటే, వాకిట్లో ఆగిన డీసీఎం బండి, నాన్న నడిపే చిన్న లారీ. దాని వెనక తొట్టిలో, పామాయిల్ గెలల వాసన పీలుస్తూ, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బ్లెస్సీ హైదరాబాద్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. మీటింగుల్లో కెమెరా పెట్టమంటే నెట్ వీక్ అంటుంది. వెనకాల తాటిపత్రి పట్టా, గెలలు దింపే ఇనుప కొంకి కనిపిస్తాయని చెప్పదు.

నాన్న పేరు ఆరోగ్యం. పొద్దున్నే బండితో లోడుకి పోతాడు కాబట్టి ఆమె పని మధ్యాహ్నం నుంచే. పొద్దున కాఫీ గ్లాసుతో తొట్టి మీద కూర్చుని, నాన్న బండి చుట్టూ తిరగడం చూస్తుంది. చేతిలో ఇనుప రాడ్డు ఉంటుంది. ముందు టైర్లు రెండూ కొడతాడు. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరి వస్తుంది, తక్కువైతే మెత్తగా దిగుతుంది. వెనక కుడి పక్క జంట టైర్లలో బయటిది కొట్టి, సందులోంచి రాడ్డు పోనిచ్చి లోపలిదాన్నీ కొడతాడు. జంటలో లోపలి టైరుతో చిక్కేమిటంటే, అది చచ్చిపోయినా బయటికి తెలియదు. బయటిది బరువంతా మోస్తూ బండిని నడిపించేస్తుంది, అదీ పగిలేదాకా.

వెనక ఎడమ పక్కకి వచ్చేసరికి మాత్రం ఆరోగ్యం రాడ్డు కింద పెట్టేస్తాడు. చేత్తో టైరు మీద తడతాడు, నిద్రపోతున్నవాడిని లేపినట్టు కాదు, లేవకుండా చూసుకున్నట్టు. ఒక్కో నట్టు మీదా బొటనవేలు పెడతాడు. తర్వాత బండెక్కుతాడు.

ఆ నట్లు డేవిడ్ బిగించినవి. బ్లెస్సీ అన్న. పోయిన దసరా సెలవుల్లో ఒక పూటంతా జాకీ కింద పడుకుని, వెనక ఎడమ టైర్లను లోపలిది బయటికి, బయటిది లోపలికి మార్చాడు. నట్టు వదులైతే కంటికి కనబడాలని, ప్రతి నట్టు మీదనుంచి డిస్కు మీదకి ఒక గీత గీశాడు. గీసింది చెల్లెలి ఊదారంగు నెయిల్ పాలిష్‌తో. బ్లెస్సీ అరుస్తూ వచ్చింది.

"నీ గోర్లు ఎవడు సూస్తడే? ఈ గీతల్ని పాల్వంచ దాక అందరు సూస్తరు" అన్నాడు.

ఆ వారమే జ్వరం మొదలైంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. బండి మీదే తీసుకుపోయారు, కానీ తిరిగి వచ్చింది అంబులెన్సులో.

ఆ రోజు తర్వాత బ్లెస్సీ బండికి ఎడమ పక్కగా వెళ్ళడం మానేసింది. తొట్టి ఎక్కడం దిగడం అంతా కుడి వైపు నుంచే. నెయిల్ పాలిష్ సీసాని కుట్టుమిషను సొరుగులో పడేసి, మళ్ళీ గోళ్ళకు రంగు వెయ్యలేదు.

"డాడీ, టైర్లు మార్పించాలె" అంది బ్లెస్సీ ఆ పొద్దున, తొట్టి మీదనుంచే. "వానలు మొదలైనయ్. రోడ్డు వాలుకి ఎడమ పక్కవే ఎక్కువ అరుగుతయ్. నెట్‌ల చదివిన."

"నెట్‌ల బండి నడుపుతరా?"

"నేను సీరియస్‌గ చెప్తున్న."

"నేను గూడ గట్లనే చెప్తున్న. వెనక ఎడమవి ఎవ్వడు ముట్టద్దు."

ఇంజను మోత లేచింది. వాకిలి ఊడుస్తున్న అమ్మ సంపూర్ణ పక్కకు జరిగింది. బండి మలుపు తిరిగేదాకా చీపురు పట్టుకుని అలాగే చూసింది. రోజూ అంతే. నాన్న టైరు తట్టేవేళకి ఆమె వాకిట్లో ఉంటుంది. ఊడవడానికి ఏమీ లేని రోజు కూడా.

రెండోరోజు బ్లెస్సీ పని మానుకుని నాన్నతో పాల్వంచ వెళ్ళింది. ఫ్యాక్టరీలో గెలలు దింపి, గాలి పట్టించడానికి ఎప్పుడూ ఆగే చోట ఆగారు, అహ్మద్ పాషా టైర్ల దుకాణం. షిఫ్టు దిగిన జనం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డారు. పాషా కొడుకు మతీన్ గాలి పైపు లాక్కొచ్చాడు. నాన్న ఎదురు హోటల్లోకి చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, బ్లెస్సీ పాషా ముందు నిలబడింది.

"చాచా, నువ్వైనా చెప్పు. వెనక ఎడమవి విప్పి మార్చు. డాడీని నేను చూసుకుంట."

పాషా ఏదో ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. బుడగలు ఒకేచోట నుంచి వస్తున్నాయి, అయినా తిప్పుతూనే ఉన్నాడు.

"నేను ముట్ట బేటీ."

"ఎందుకు?"

"మీ నాయన వద్దన్నడు గద. గిరాకీ వద్దన్నంక నేనెట్ల ముడ్త?"

లోపల్నుంచి చాయ్ తెచ్చిన పాషా భార్య మహబూబీ నవ్వింది. "అబ్బో, చెప్తే గని ముట్టని మనిషి! మొన్న చలికాలంల..."

"చాయ్ల చక్కెరెయ్యలేదేంది?" అన్నాడు పాషా గట్టిగా.

"తాగనే లేదు, చక్కెర లేదని నీకెట్ల తెల్సు?"

పాషా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, లేదన్నాడు. చక్కెర ఉంది. బ్లెస్సీ గ్లాసులో అడుగున కరగకుండా కూడా ఉంది. మగాడు మగాడి మాటే వింటాడనుకుంది ఆమె. ఆడపిల్ల టైర్ల గురించి అడిగితే ఈ దుకాణాల్లో ఇంతే. దారంతా ముఖం మాడ్చుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం అమ్మ మీద పడింది. సంపూర్ణ కుట్టుమిషను ముందు కూర్చుని, జాకెట్టు గుడ్డ మీద సబ్బుముక్కతో గుర్తులు పెడుతోంది. పొట్టి గీతలు, ఒకే పొడవు, ఒకే దూరం. పండక్కి కుట్టాల్సినవి కుప్పగా పక్కన ఉన్నాయి.

"నువ్వు చెప్పమ్మా. నీ మాటైతే ఇంటడు."

"వదిలెయ్ బ్లెస్సీ."

"ఏంది వదిలేసేది? అన్న బిగిచ్చిండని ఆ నట్లు జీవితాంతం విప్పడా? లోపలి టైరు ఎట్లుందో దేవునికే తెల్వాలె. రేపు లోడుతోని ఘాట్‌ల దిగేటప్పుడు పగిల్తే ఏం చేస్తవ్?"

"ఏం కాదు."

"గంత నమ్మకమేంది నీకు? టైర్లు నీకు ఫోన్ చేసి చెప్పినయా?"

సబ్బుముక్క గుడ్డ మీద ఆగింది.

"ఆయనకు మిగిలింది గదొక్కటే" అంది సంపూర్ణ. "పొద్దున లేస్తడు, దాన్ని తడ్తడు, బండెక్కుతడు. నువ్వు విప్పిపిచ్చినవనుకో, ఎల్లుండి పొద్దున ఆయన దేన్ని తడ్తడు?"

"మరి ఆయనకేమన్న అయితే నువ్వు దేన్ని తడ్తవ్?"

అన్నాక గాని తను ఏమన్నదో బ్లెస్సీకి తెలియలేదు. సంపూర్ణ తిట్టలేదు. మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది. తర్వాత "అన్నానికి ఎసరు పెట్టు పో" అంది.

ఆ రాత్రి బ్లెస్సీకి తన ఇంట్లోవాళ్ళ మీద కలిగిన కోపం, ఆఫీసులో ఎప్పుడూ కలిగేదే. తప్పు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది, సరిచెయ్యమంటే ఒప్పుకునేవాడు ఒక్కడూ ఉండడు.

శనివారం ఆమెకు సెలవు. పొద్దున్నే సంపూర్ణ చద్దిగిన్నె కట్టి చేతికిచ్చి, "నువ్వు గూడ పో నాయినతోని. ఇయ్యాల గెలలు నింపే తోట అడవిల ఉంది, వాన పడేటట్టుంది" అంది. ఎందుకు పొమ్మందో బ్లెస్సీ అడగలేదు.

ఊరు దాటి కంకర దారి ఎక్కారు. రెండు పక్కలా టేకు ఆకులు నీళ్ళు కారుస్తున్నాయి. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతోంది. కొంతదూరం పోయాక వెనక ఎడమ పక్కనుంచి చప్పుడు మొదలైంది. చక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి, థప్, థప్.

ఆరోగ్యం బండి పక్కకు ఆపాడు. దిగి వెనక్కి నడిచాడు. బ్లెస్సీ కూడా దిగింది. చాలా నెలల తర్వాత ఆ పక్కకి వచ్చింది. జంట టైర్ల సందులో పిడికిలంత రాయి ఇరుక్కుంది. తిరిగినప్పుడల్లా లోపలి టైరును కోస్తోంది. ఆరోగ్యం రాడ్డు పెట్టి ఎత్తాడు, నెట్టాడు, కొట్టాడు. రాయి ఇంకా లోపలికి పోయింది.

"బయటిది విప్పాలె" అన్నాడు చివరికి. అడవితో చెప్పినట్టు చెప్పాడు.

జాకీ పెట్టాడు. ఎత్తేముందు నట్లు వదులు చెయ్యాలి. పానా తెచ్చి మొదటి నట్టుకి తగిలించి, అక్కడే ఆగిపోయాడు. రెండు చేతులూ పానా మీదే ఉన్నాయి, కదలడం లేదు. వాన నీళ్ళు మోచేతుల మీదనుంచి కారుతున్నాయి.

బ్లెస్సీ ఇన్నాళ్ళూ ఇదే జరగాలని పోట్లాడింది. ఇప్పుడు జరుగుతుంటే చూడలేకపోయింది.

"డాడీ, లే. నేను విప్పుత. నువ్వు అటు తిరుగు."

ఆయన మారు మాట్లాడకుండా లేచి, బాట పక్కన అడవి వైపు తిరిగి నిలబడ్డాడు. బ్లెస్సీ పానా మీద బలమంతా వేసింది. నట్టు కదల్లేదు. కాలు పెట్టి తొక్కింది.

"బిగిస్తున్నవ్" అన్నాడాయన, వెనక్కి తిరగకుండానే. "ఎడమ పక్కవి ఉల్టా తిరుగుతయ్."

"తెల్సు" అంది బ్లెస్సీ. తెలియదు.

పానా అటు తగిలించి తొక్కింది. కిర్రుమని కదిలింది. నట్టు మీది సగం గీత, డిస్కు మీది సగం గీత విడిపోయాయి. చూడకూడదనుకుంటూనే చూసింది. బురద తుడిచి, ఇంకా దగ్గరగా చూసింది.

గీత పక్కనే, వేలెడు దూరంలో, డిస్కు మీద ఇంకో గీత ఉంది. వెలిసిపోయిన ఊదా. ఏటవాలుగా, పొడుగ్గా, విసిరినట్టు గీసింది. డేవిడ్ పుస్తకాల్లో కింద గీసే గీతలన్నీ అలాగే ఉండేవి. అది ఏ నట్టుకీ ఎదురుగా లేదు. నట్టుకి కలిసున్న కొత్త గీత పొట్టిగా ఉంది. దాని పక్క నట్టు మీదదీ పొట్టిదే. ఒకే పొడవు. జాకెట్టు గుడ్డ మీద సబ్బుముక్కతో పెట్టిన గుర్తులాగా.

ఈ చక్రాన్ని ఎవరో ముందే విప్పారు. విప్పి, మార్చి, బిగించి, మళ్ళీ గీతలు వేశారు. చక్కెర ఉన్న చాయ్‌లో చక్కెర లేదన్న పాషా గుర్తొచ్చాడు. ఏం కాదన్న అమ్మ గుర్తొచ్చింది. నట్లలో ఒకటి మాత్రం మిగతావాటిలా తుప్పు పట్టి లేదు. కొత్తది.

బ్లెస్సీకి ఒకటే తోచింది, నాన్న చూడకూడదు. చేతినిండా బురద తీసి ఆ గీతల మీద రుద్దింది. "వచ్చేస్తున్నయ్ డాడీ, నువ్వు అటే ఉండు, నీళ్ళు పడ్తున్నయ్ ఇక్కడ" అని ఏదేదో వాగుతూ రుద్దింది.

"సూసినవా?" అన్నాడు ఆరోగ్యం.

ఎప్పుడు తిరిగాడో, వెనకే ఉన్నాడు.

"ఏంది సూసేది?"

"అది మీ అమ్మ చేతి గీత."

బ్లెస్సీ బురద చెయ్యి గీతల మీదనుంచి తీసేసింది.

"నీకు తెల్సా?"

"గుణదల మరియమ్మ తిర్నాళ్ళ నుంచి వచ్చిన తెల్లారే తెల్సింది." ఆయన కూర్చుని పానా అందుకున్నాడు. ఈసారి చేతులు ఆగలేదు. "నేను లేంది సూసి పాషాని పిలిపిచ్చి, డిస్కులు ఆడ్నే ఉంచి టైర్లు మార్పిచ్చింది. ఇదో, చెట్టు మొద్దు తగిలి కోసుకపోయిన ఈ టైరు లోపలుండె. బయటికొచ్చి కూసుంది. టైరు మొకం గుర్తువట్టనా నేను?"

"పాషా చాచా చెప్పలేదా?"

"పాషానా? నన్ను సూస్తే ట్యూబుల ఎనక దాక్కుంటడు."

బ్లెస్సీకి నవ్వొచ్చింది. నవ్వు నవ్వులాగే బయటికి రాలేదు.

"అమ్మ ఎందుకు చేసింది గట్ల?"

"నేను ముట్టనియ్యలే. అప్పుడు పిచ్చోని లెక్కున్న. పాషా ఒకసారి పానా పట్టుకుంటే కొట్టబోయిన." జాకీ ఎత్తుతూ చెప్పాడు, ఒక్కో తిప్పుకీ ఒక్కో ముక్క. "ఒకడు పోయిండు. నేను గూడ రోడ్డు మీద పోతనని భయపడ్డది. ఏడ్చుకుంట విప్పిపిచ్చి ఉంటది."

"మరి తెల్సినంక ఇంకెందుకు రోజూ దాన్ని తట్టుడు? నన్ను ముట్టనియ్యకపోవుడెందుకు? ఇన్ని రోజులు నాతో కొట్లాటెందుకు?"

ఆరోగ్యం బయటి చక్రాన్ని రెండు చేతులా ఊపి బయటికి లాగాడు. రాయి దొర్లి నీళ్ళలో పడింది. లోపలి టైరు మీద కోత పడింది, లోతుగా పోలేదు. దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

"తట్టే యాళకు మీ అమ్మ వాకిట్ల నిలబడ్తది" అన్నాడు.

కోత మీది బురద తుడిచి, "ఎట్లయిన విప్పినం గద. మార్చేద్దాం పట్టు" అన్నాడు. ఇద్దరూ కలిసి లోపలి చక్రం కూడా లాగారు. లోపలిది బయటికి, బయటిది లోపలికి. నెట్‌లో చదివినదంతా బ్లెస్సీకి ఏమీ పనికిరాలేదు. పట్టుకోమన్నచోట పట్టుకుంది. నట్లు బిగించేటప్పుడు కొత్త నట్టు ఆమె చేతికొచ్చింది.

"ఇది?"

"వాడు బిగిచ్చిన నట్టు ఒకటి మీ అమ్మ తీసి దాసుకుంది. మరియమ్మ బొమ్మ ఎనక. సూస్తే సూడు, సూసి మళ్ళ ఆడ్నే పెట్టు."

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం. సంపూర్ణ జపమాల కూటానికి పోయింది. బ్లెస్సీ చేతులైనా కడుక్కోకుండా గూట్లో మరియమ్మ బొమ్మను కొంచెం జరిపింది. వెనక, కుట్లు విప్పిన పాత జేబుగుడ్డ ముక్కలో చుట్టి, నట్టు ఉంది. దాని మీద ఊదారంగు గీత సగం. విసిరినట్టు, ఏటవాలుగా. మిగతా సగం డిస్కు మీద ఉండిపోయింది. నట్టును అరచేతిలో పెట్టుకుంది. ఎప్పుడూ చేతిలో ఉండే వస్తువులా నున్నగా అయిపోయింది. మళ్ళీ చుట్టి, అక్కడే పెట్టింది.

మిషను సొరుగులో సీసా దొరికింది. నిండుగా పెట్టినట్టు గుర్తు, ఇప్పుడు అడుగున కొంచెమే ఉంది.

ఆరోగ్యం ఫోను లైటు పట్టుకున్నాడు. బ్లెస్సీ గీసింది. తన చేతి గీత కాదు, అమ్మ గీత రావాలి. అమ్మేమో కొడుకు గీత రావాలని గీసింది. బ్లెస్సీ పొట్టిగా, సమానంగా, ఊపిరి బిగపట్టి గీసింది. నట్ల మీది పాత గీతల మీద నాన్న బురద పూశాడు. "జల్దీ గీయ్, మీ అమ్మ వచ్చే యాళైంది" అంటూనే ఉన్నాడు. చివరి నట్టు దగ్గర సీసా అయిపోయింది. కుంచెను అడుగున తిప్పింది, మూతిని గీకింది. రాలేదు.

"ఈ రంగు కొత్తగూడెంల దొరుకుతదా?"

"కంపెనీ ఆపేసింది డాడీ."

ఆయన ఆలోచించాడు. వంగి చక్రం కింద తడిమట్టి తీసి, ఆ నట్టు మీద మెత్తగా అద్దాడు. దారిలో చిందిన బురదలాగా, ఎక్కువ తక్కువలు చూసుకుని అద్దాడు. గేటు చప్పుడైంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఏంది, తండ్రీబిడ్డలు చీకట్ల?" అంది సంపూర్ణ.

"ముందుది పంచరైంది దారిల" అన్నాడు ఆరోగ్యం. "వెనకవి ముట్టలే."

"మంచిది" అంది ఆమె.

ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చింది. బ్లెస్సీ కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడింది. సంపూర్ణ వాకిలి ఊడుస్తూ బండికి ఎడమ పక్కగా వచ్చింది. వెనక చక్రం దగ్గర చీపురు ఆగింది. ఒక్కో నట్టునే చూసింది. బురద అంటిన నట్టు దగ్గర వంగింది. కొంగు చివరతో తుడిచింది. కింద, గీత ఉండాల్సిన చోట, ఉత్త ఇనుము.

ఆమె వీపు మాత్రమే బ్లెస్సీకి కనిపిస్తోంది. చాలాసేపు ఆ వీపు కదల్లేదు.

ఇంట్లోంచి ఆరోగ్యం దగ్గు వినిపించింది. సంపూర్ణ గబగబా కిందనుంచి తడిమట్టి తీసి, నట్టు మీద మళ్ళీ అద్దింది. వేలితో అంచులు సరిచేసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, చీపురు అందుకుని, ఊడ్చినచోటే ఊడవసాగింది.

ఆరోగ్యం రాడ్డుతో వచ్చాడు. ముందువి కొట్టాడు. కుడివి కొట్టాడు. ఎడమ పక్కకి వచ్చి రాడ్డు కింద పెట్టాడు. చేత్తో టైరు తట్టాడు. నట్లు ఒక్కొక్కటే తాకుతూ, బురద ఉన్నదాని మీద బొటనవేలు కొంచెంసేపు ఉంచాడు.

"గట్టిగనే ఉన్నయా?" అంది సంపూర్ణ, నేలకేసి చూస్తూ.

"ఉన్నయ్" అన్నాడు ఆరోగ్యం. "వాడు బిగిచ్చిండు గద."

"అవ్" అంది సంపూర్ణ.

బ్లెస్సీ కాఫీ కిటికీలోనే చల్లారిపోయింది. ఇప్పటికీ ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. నేను కూడా, మీతో తప్ప.

మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఒకటి ఉంటుంది, అందరికీ తెలిసి, ఒకరికోసం ఒకరు తెలియనట్టు కాపాడుకుంటున్నది. వీలైతే నాకు రాయండి. పేర్లు మార్చి రాసినా పర్వాలేదు, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎవరి దగ్గరైనా పాత ఊదారంగు నెయిల్ పాలిష్ సీసా అడుగున కాస్త మిగిలి ఉంటే, ఆ సంగతి కూడా రాయండి. ఒక్క నట్టుకి సరిపోతే చాలు.